ఆటిజం ఉన్న పిల్లలకు నిద్ర ఎందుకు పట్టదు: తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

సభకు విచ్చేసిన తల్లిదండ్రులకు, తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు, ఈ పిల్లలతో రోజూ పనిచేసే థెరపిస్టులకు, స్పెషల్ ఎడ్యుకేటర్లకు నమస్కారం.

ఆటిజానికి సంబంధించి ఏదైనా ఒక అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు నేను నిద్రను ఎంచుకున్నాను. పిల్లల ఎదుగుదల చూసే వైద్యుడిగా నేను గమనించినంతవరకు, తల్లిదండ్రులు పిల్లవాడి మాటల గురించి, బడి గురించి, తిండి గురించి ఎంతో వివరంగా చెప్పుకుంటారు. నిద్ర సంగతి మాత్రం మందుల చీటీ చేతికి తీసుకుని లేచి నిలబడ్డాక, గుమ్మం దగ్గర ఆగి, "రాత్రిళ్లు అసలు పడుకోడు డాక్టరుగారూ, ఆటిజం కదా, ఇక అంతేలెండి" అని చెప్పి వెళ్లిపోతారు. ఆటిజం ఉంది కాబట్టి నిద్ర లేకపోవడం తప్పదనే ఈ నమ్మకం ఇళ్లలోనే కాదు, కొందరు వైద్యుల్లో కూడా ఉంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది దానికి పూర్తిగా విరుద్ధమైన విషయం. పిల్లవాడికి నిద్ర పట్టకపోవడానికి ఒక కారణం, తరచుగా రెండు మూడు కారణాలు కలిసి ఉంటాయి. ఓపికగా వెతికితే వాటిలో చాలావరకు దొరుకుతాయి. దొరికిన కారణానికి చికిత్స ఉంటుంది. వెతకకుండానే ఆటిజం ఖాతాలో వేసేయడం ఆ పిల్లవాడికి చేసే అన్యాయం.

ఈ సమస్య ఎంత విస్తృతమైనదో ముందు చెబుతాను. ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు 50 నుంచి 80 శాతం మందికి ఏదో ఒక నిద్ర ఇబ్బంది ఉంటుందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. మన దేశంలో హైదరాబాద్‌తో సహా ఐదు ప్రాంతాల్లో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం రెండు నుంచి తొమ్మిదేళ్ల వయసు పిల్లల్లో సుమారు వందకు ఒకరిలో ఆటిజం కనిపించింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే, రాత్రి ఒంటిగంటకు కూడా లైటు వెలుగుతున్న ఇళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని ఉంటాయో మీరే ఊహించవచ్చు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలి. ఆరేళ్ల పిల్లవాడు నెలల తరబడి ఆరు గంటలే పడుకుంటుంటే, వాడు ప్రతి రాత్రీ కనీసం మూడు గంటలు బాకీ పడుతున్నాడన్నమాట.

ఆ బాకీ పగలు ఎలా బయటపడుతుందో జాగ్రత్తగా చూడాలి. నిద్ర చాలని పెద్దవాళ్లు ఆవులిస్తూ మందకొడిగా ఉంటారు. పిల్లలు, అందులోనూ ఆటిజం ఉన్న పిల్లలు, దానికి తలకిందులుగా ప్రవర్తిస్తారు. ఒకచోట కూర్చోరు, చిన్న శబ్దానికే చెవులు మూసుకుని ఏడుస్తారు, చేతులు కొరుక్కుంటారు, తల గోడకేసి కొట్టుకుంటారు. బడి నుంచి "ప్రవర్తన బాగోలేదు" అని కబురు వస్తుంది. థెరపీలో నిన్నటిదాకా చేసిన పని ఈ రోజు చేయడు. అప్పుడు కంగారుపడి ప్రవర్తన తగ్గించే మందు మోతాదు పెంచమని అడుగుతారు, కొన్నిసార్లు పెంచుతారు కూడా. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నాడో అడగకుండా పగటి ప్రవర్తనకు మందు రాయడం నా దృష్టిలో సరైన క్రమం కాదు.

అసలు నిద్ర ఎలా వస్తుంది? శరీరంలో రెండు ఏర్పాట్లు కలిసి పనిచేయాలి. మొదటిది ఆకలి లాంటిది: మేలుకుని ఉన్న ప్రతి గంటకూ మెదడులో నిద్ర అవసరం పేరుకుంటూ పోతుంది, సాయంత్రం నాలుగింటికి ఒక గంట కునుకు తీస్తే భోజనానికి ముందు చిరుతిండి తిన్నట్టే ఆ అవసరం కరిగిపోతుంది. రెండోది మెదడులోని జీవ గడియారం. చీకటి పడ్డాక అది మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయించి, ఇది రాత్రి అని శరీరానికంతటికీ తెలియజేస్తుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఈ మెలటోనిన్ తక్కువగా తయారవుతుందని రక్త, మూత్ర పరీక్షల ఆధారంగా జరిగిన పరిశోధనలు చూపించాయి. దీనికితోడు, మామూలు పిల్లలు చుట్టూ జరిగేది చూసి రాత్రయిందని గ్రహిస్తారు: తలుపు గడియ పడింది, వంటింట్లో లైటు ఆర్పేశారు, నాన్న దిండు సర్దుకుంటున్నాడు. ఎదుటివారి చేష్టల్లోని అర్థాన్ని పట్టుకోవడమే కష్టమైన పిల్లవాడికి ఇవేవీ సూచనలుగా అందవు. ఇంట్లో అందరూ ఉన్నట్టుండి కదలకుండా పడుకుని తననూ పడుకోమనడం వాడికి అర్థం లేని ఆజ్ఞలా అనిపిస్తుంది. ఫ్యాన్ చేసే టకటక శబ్దం, దోమల కాయిల్ వాసన, చొక్కా మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్, మనం పది నిమిషాల్లో మరిచిపోయే ఇటువంటివన్నీ వాడిని గంటల తరబడి వదలవు.

"పడుకోడు" అన్న ఒక్క మాట విని వైద్యం మొదలుపెట్టడం సాధ్యం కాదు. పక్క మీదికి చేరినా నిద్ర పట్టని పిల్లవాడు ఒకరు, వెంటనే నిద్రపోయి అర్ధరాత్రి లేచి రెండు గంటలు ఆడుకునే పిల్లవాడు ఇంకొకరు, తెల్లవారుజామున మూడున్నరకే లేచి కూర్చునే పిల్లవాడు మరొకరు. ఈ ముగ్గురికీ కారణాలు వేరు, చేయవలసిన పనులు వేరు. అందుకే నేను ముందుగా రెండు వారాల నిద్ర డైరీ రాయమంటాను. ఎప్పుడు పక్క మీదికి చేరాడు, ఎప్పుడు నిద్రపట్టింది, మధ్యలో ఎన్నిసార్లు లేచాడు, ఉదయం ఎన్నింటికి లేచాడు, పగలు ఎక్కడ కునుకు తీశాడు, సాయంత్రం టీ ఎన్నిసార్లు తాగాడు, ఫోన్ ఎప్పటిదాకా చూశాడు, ఇంతే. బడి వ్యాన్‌లో నిద్రపోయిన నలభై నిమిషాలు కూడా రాయాలి, ఎందుకంటే ఇంట్లోవాళ్లకు గుర్తుండనిది అదే. డైరీ పూర్తయ్యేసరికి చాలామంది తల్లులకు సగం జవాబు నేను చెప్పకముందే తెలిసిపోతుంది.

తరువాత శరీరంలో ఏదైనా బాధ ఉందేమో చూడాలి. ఈ విషయం మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నొప్పి ఉందని చెప్పలేని పిల్లల గురించి మనం మాట్లాడుకుంటున్నాం. మలబద్ధకం ఈ పిల్లల్లో చాలా ఎక్కువ. మూడు నాలుగు రోజులకోసారి గట్టిగా వెళ్లే పిల్లవాడు రాత్రి కడుపు పట్టుకుని లేస్తే అది మొండితనం అనుకోకూడదు. పడుకోగానే ఛాతీలోకి పుల్లటి నీళ్లు ఎగదన్నడం, పుచ్చిన పన్ను, చెవిపోటు, తామర దురద కూడా నిద్ర చెడగొడతాయి. నులిపురుగుల్లో దారపు పోగుల్లా సన్నగా ఉండే ఒక రకం రాత్రిపూటే మలద్వారం దగ్గరికి వచ్చి గుడ్లు పెడుతుంది, ఆ దురదకు పిల్లలు నిద్రలో లేచి ఏడుస్తారు. నోరు తెరుచుకుని గురకపెట్టే పిల్లవాడికి టాన్సిల్స్, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్ గ్రంథి పెరిగి ఊపిరి మధ్యమధ్యలో ఆగుతుండవచ్చు. వాడు పది గంటలు పడుకున్నా నిద్ర చాలనట్టే ఉంటాడు. ఇక మూర్ఛ. ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ ఇతరుల కంటే చాలా ఎక్కువ, కొన్ని రకాల ఫిట్స్ నిద్రలో మాత్రమే వస్తాయి. రాత్రి ఒకే తీరుగా ఉలిక్కిపడి లేవడం, ఒక పక్క మూతి వంకరపోవడం, చొంగ కారడం, పక్క తడపడం మానేసిన పిల్లవాడు మళ్లీ తడపడం వంటివి కనిపిస్తే, దయచేసి ఫోన్‌లో వీడియో తీసి తీసుకురండి. మీరు మాటల్లో పావుగంట చెప్పే దానికంటే ముప్పై సెకన్ల వీడియో వైద్యుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

మన పిల్లల్లో ప్రత్యేకంగా చూడవలసింది ఐరన్. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆటిజం ఉన్న పిల్లలు తిండి విషయంలో ఎంత పట్టుదలగా ఉంటారో మీకు తెలుసు: మూడు పూటలా పెరుగన్నం, మధ్యలో పాలు, బిస్కెట్లు, అంతే; ఆకుకూర కనిపిస్తే కంచం నెట్టేస్తారు. పాలు, పెరుగులో ఐరన్ చాలా తక్కువ, పైగా అందిన కాస్త ఐరన్‌ను శరీరం పీల్చుకోకుండా అవి అడ్డుపడతాయి. శరీరంలో ఐరన్ నిల్వలు తగ్గితే పడుకోగానే కాళ్లు లాగడం, కాళ్లు ఊపుతూ ఉండాలనిపించడం, నిద్రలో కాళ్లు కొట్టుకోవడం మొదలవుతాయి. మాటలు వచ్చిన పిల్లవాడైతే "కాళ్లు పిసుకు" అని అడుగుతాడు. మాటలు రాని పిల్లవాడు మంచం మీద దొర్లుతాడు, గోడను తన్నుతాడు, లేచి పరిగెడతాడు. హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా నిల్వలు తక్కువగా ఉండవచ్చు కాబట్టి ఫెరిటిన్ పరీక్ష అడగండి. జ్వరం, జలుబు ఉన్నప్పుడు ఆ అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, అవి తగ్గాక చేయించండి. కాళ్ల ఇబ్బంది ఉన్న పిల్లల్లో ఫెరిటిన్ లీటరుకు 50 మైక్రోగ్రాముల కంటే తక్కువ ఉంటే ఐరన్ ఇచ్చి చూడాలని నిద్ర వైద్య నిపుణులు సూచిస్తారు. మోతాదు పిల్లవాడి బరువును బట్టి డాక్టరు నిర్ణయించాలి. ఐరన్ సీసా ఇంట్లో పిల్లల చేతికి అందకూడదు, ఎక్కువైతే అది ప్రమాదకరం.

శరీరంలో ఏ బాధా లేదని తేలాక ఇంటి అలవాట్ల దగ్గరికి రావాలి. ఒక కుటుంబం సంగతి, వారి వివరాలు బయటపడకుండా, చెబుతాను. నాలుగేళ్ల బాబును రాత్రి పది గంటలకు తండ్రి బైక్ ట్యాంక్ మీద కూర్చోబెట్టుకుని ఊళ్లో రెండు చుట్లు తిప్పితే, ఆ కుదుపుకు, గాలికి, ఇంజిన్ శబ్దానికి హాయిగా నిద్రపోయేవాడు. భుజాన వేసుకుని తెచ్చి మెల్లగా పక్క మీద పడుకోబెట్టేవారు. రాత్రి రెండింటికి లేచి బూట్లు తెచ్చి తండ్రి చేతిలో పెట్టేవాడు. చలికాలంలో కూడా ఆ తండ్రి అర్ధరాత్రి బండి తీసేవాడు, అంతకంటే ప్రేమ ఏముంటుంది? జరుగుతున్నదేమిటంటే, మనందరం రాత్రి నాలుగైదుసార్లు కొద్దిగా మేలుకుంటాం. అంతా పడుకున్నప్పటిలాగే ఉంటే పక్కకు తిరిగి మళ్లీ నిద్రపోతాం, మేలుకున్నట్టు కూడా గుర్తుండదు. ఆ బాబు పడుకున్నది బైక్ మీద, మేలుకున్నది మంచం మీద. బైక్ లేకుండా నిద్ర ఎలా వస్తుందో వాడికి తెలియదు. ఫోన్‌లో పాటలు చూస్తూ నిద్రపోయే పిల్లలు లేచి ఫోన్ వెతుక్కోవడం కూడా ఇదే. ఆ కుటుంబం బండిని ఒక్కసారిగా మానలేదు. మొదట ఊరు తిప్పడం ఆపి ఇంటి ముందే తిప్పారు, తరువాత బండి నిలిపి ఉంచి కూర్చోబెట్టారు, తరువాత ఒళ్లో ఊపారు, చివరికి పక్క మీదే వీపు మీద జోకొట్టారు. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని రాత్రులు ఏడుపు తప్పలేదు. కొత్తగా మార్చిన తొలి రాత్రుల్లో ఏడుపు ముందుకంటే పెరుగుతుంది, అక్కడ వెనక్కి తగ్గితే ఎక్కువ ఏడిస్తే పని అవుతుందని పిల్లవాడు నేర్చుకుంటాడు. అందుకే పండగలు, ప్రయాణాలు, పరీక్షలు లేని వారం చూసుకుని మొదలుపెట్టమంటాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా పిల్లలకు విడి గది ఉండే దేశాల్లో పుట్టినవి. పిల్లవాడిని గదిలో ఉంచి తలుపు వేసి రమ్మంటాయి. హాల్లో చాపలు పరుచుకుని నానమ్మతో సహా నలుగురు పడుకునే ఇంట్లో ఆ సలహా పనికిరాదు, అవసరమూ లేదు. తల్లి పక్కన పడుకోవడం వల్ల పిల్లవాడి నిద్ర చెడదు. తల్లి పక్కన పడుకుని, వాడు నిద్రపోగానే చేయి విడిపించుకుని గిన్నెలు తోమడానికి లేచి వెళ్లినప్పుడు చెడుతుంది, ఎందుకంటే వాడు మేలుకునేసరికి పడుకున్నప్పుడు ఉన్న చేయి లేదు. గిన్నెల పని ముందే ముగించి, లేదా ఇంకొకరికి అప్పగించి, తెల్లారేదాకా పక్కనే పడుకునే వీలుంటే అలాగే చేయండి. అలా వీలుకాని ఇంట్లో మొదటి నుంచి నానమ్మ పక్కన పడుకోబెట్టినా సరే. పది గంటలకు ఏ మనిషి, ఏ దుప్పటి, ఎంత వెలుతురు ఉన్నాయో రాత్రి రెండింటికీ అవే ఉండాలి.

నిద్ర పట్టడానికే గంటలు పట్టే పిల్లల విషయంలో పక్క మీదికి చేర్చే వేళ మార్చాలి. పిల్లవాడికి నిజంగా నిద్ర పట్టేది పన్నెండున్నరకు అయితే, తొమ్మిదింటి నుంచి వాడితో కుస్తీ పట్టడం వల్ల పక్క అంటే యుద్ధభూమి అనే భావం వాడికి స్థిరపడుతుంది. అందుకని కొన్ని రాత్రులు పన్నెండున్నరకే పడుకోబెట్టండి, పావుగంటలో నిద్రపోవడం అలవాటయ్యాక ఆ వేళను పదిహేను నిమిషాల చొప్పున ముందుకు, అంటే పన్నెండుంబావుకు, తరువాత పన్నెండుకు, అలా జరపండి. ఉదయం లేపే సమయం మాత్రం ఆదివారమైనా మారకూడదు. లేవగానే వాకిట్లోకి తీసుకెళ్లి ఎండ తగలనివ్వాలి, జీవ గడియారాన్ని సరిచేసే బలమైన సాధనం అదే. సాయంత్రం కునుకు ఆపాలి. టీ, కాఫీ మధ్యాహ్నం తరువాత వద్దు. పడుకునే ముందు గంటసేపు టీవీ, ఫోన్ ఆపి వెలుతురు తగ్గించాలి; ఇది పిల్లవాడికి మాత్రమే పెట్టే నియమమైతే నిలబడదు, అదే గదిలో పెద్దలు సీరియల్ చూస్తుంటే వాడు ఎలా పడుకుంటాడు?

పడుకునే ముందు చేసే పనులను బొమ్మలుగా గోడకు అంటించండి. కొన్న బొమ్మలకంటే మీ ఇంటి వస్తువుల ఫొటోలు మేలు: వాడి బ్రష్, వాడి బాత్‌రూమ్ తలుపు, వాడి దిండు, ఆర్పిన లైటు. ఒక్కో పని కాగానే ఆ ఫొటో తీసి డబ్బాలో వేయిస్తే తరువాత ఏం జరగబోతుందో వాడికి కంటికి కనిపిస్తుంది. పక్క దుప్పటికి ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరను మించింది లేదు. బరువైన దుప్పట్ల గురించి చాలామంది అడుగుతున్నారు. బ్రిటన్‌లో 67 మంది ఆటిజం పిల్లల వివరాలను విశ్లేషించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో అవి నిద్రను పెంచలేదు, అయితే పిల్లలకూ తల్లిదండ్రులకూ నచ్చాయి. మన మే నెల ఉక్కపోతలో వాటికి వేలు పోయాలని నేను చెప్పను.

ఈ ప్రయత్నాలు పుస్తకం చదివి ఒంటరిగా చేయడం కష్టమే, అయినా నేర్పడానికి ఎక్కువ సమయం పట్టదు. అమెరికాలో 80 మంది పిల్లల తల్లిదండ్రులతో జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, కొందరికి విడిగా ఒక గంట, కొందరికి బృందంగా రెండు విడతల్లో నాలుగు గంటలు శిక్షణ ఇస్తే, రెండు పద్ధతుల్లోనూ పిల్లల నిద్ర మెరుగుపడింది. ఇటువంటి తరగతులు పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి చికిత్స చేసే మన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో, థెరపీ సెంటర్లలో నెలకొకసారి పెట్టడం అసాధ్యం కాదు. ఇక్కడున్న నిర్వాహకులను నేను బహిరంగంగా కోరుతున్నాను.

ఇప్పుడు మందుల సంగతి. అమెరికా నరాల వైద్యుల అకాడమీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు ముందు ఇతర జబ్బులు, వాడుతున్న మందులు పరిశీలించమని, తరువాత అలవాట్ల చికిత్స చేయమని, అవి చాలకపోతే మెలటోనిన్ ఇవ్వవచ్చని చెప్పాయి. పడుకోవడానికి అరగంట నుంచి గంట ముందు, 1 నుంచి 3 మిల్లీగ్రాముల తక్కువ మోతాదుతో మొదలుపెట్టమన్నాయి. దాని నుంచి ఏం ఆశించవచ్చో స్పష్టంగా తెలుసుకోండి. ఎదుగుదల సమస్యలున్న 146 మంది పిల్లలతో బ్రిటన్‌లో జరిగి 2012లో వెలువడిన పరీక్షలో మెలటోనిన్ తీసుకున్నవారికి నిద్ర సుమారు 38 నిమిషాలు ముందుగా పట్టింది, కానీ ఉదయం కూడా ముందే లేచారు కాబట్టి మొత్తం నిద్ర పెరిగింది 22 నిమిషాలే. అంటే అది నిద్ర పట్టడానికి సాయపడుతుంది. మధ్యరాత్రి లేచే పిల్లవాడికి మామూలు మెలటోనిన్ వల్ల ఒనగూరేది తక్కువ. మెల్లగా విడుదలయ్యే చిన్న మాత్రలకు యూరప్‌లో 2018లో అనుమతి వచ్చింది.

అమెరికాలో ఉన్న అక్కయ్యో బాబాయో సూట్‌కేసులో తెచ్చే మెలటోనిన్ గమ్మీల విషయంలో జాగ్రత్త అవసరం. అక్కడ వాటిని మందుగా కాక ఆహార అనుబంధంగా అమ్ముతారు. 2023లో అటువంటి 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే 22 రకాల్లో లేబుల్ మీద రాసిన మోతాదుకూ లోపల ఉన్న మోతాదుకూ పొంతన లేదు. రాసినదానికి గరిష్ఠంగా మూడు రెట్లకు పైగా దాకా ఉంది, ఒకదానిలో మెలటోనిన్ అసలు లేదు. మిఠాయిలా ఉంటాయి కాబట్టి పిల్లలు గుప్పెడు తినేస్తారు. ఇక మన దగ్గర మందుల షాపులో అడిగి తెచ్చుకునే జలుబు, అలర్జీ సిరప్‌లు: మొదటి రాత్రి మత్తుగా పడుకుంటాడు, కొద్ది రోజులకు పనిచేయడం మానేస్తాయి, కొందరు పిల్లలు వాటితో పడుకోకపోగా మరింత రెచ్చిపోతారు, చిన్న పిల్లలకు ఊపిరి ఇబ్బంది రావచ్చు. నిద్ర కోసం వాటిని వాడకండి. ఏకాగ్రత కోసం ఉదయం ఇవ్వవలసిన మందును సాయంత్రం ఇస్తున్నారేమో కూడా ఒకసారి చీటీ చూసుకోండి.

చివరగా రెండు విషయాలు. రాత్రి లేచే పిల్లవాడు ఇంట్లో అందరూ నిద్రలో ఉండగా ఒంటరిగా తిరుగుతాడు. వీధి తలుపుకు వాడికి అందని ఎత్తులో గడియ, బాల్కనీకి గ్రిల్, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ ఆపడం, బాత్‌రూమ్‌లో నీళ్లు నిండిన బకెట్లు లేకుండా చూడడం, తలుపు తెరిస్తే మోగే చిన్న గంట, ఇవి ఈ రోజే చేయవలసిన పనులు.

రెండోది తల్లి నిద్ర. చాలా ఇళ్లలో రాత్రి జాగారం ఆమె ఒక్కదానిదే, మళ్లీ ఉదయం ఐదింటికి క్యారేజీలూ ఆమెవే. నెలల తరబడి నిద్రలేని మనిషి ఏ పద్ధతినీ నిలకడగా పాటించలేదు, విసుక్కుంటుంది, విసుక్కున్నందుకు కుమిలిపోతుంది. వారంలో కనీసం రెండు రాత్రులు తండ్రి గానీ, ఇంట్లో మరొకరు గానీ పిల్లవాడి పక్కన పడుకోవాలి, ఆమె వేరే గదిలో లేదా పక్కింటి పిన్నిగారి ఇంట్లోనైనా పూర్తిగా నిద్రపోవాలి. గారాబం చేసి చెడగొట్టిందనే మాట ఆమెతో ఎవరూ అనవద్దు. ఇక్కడికి వచ్చిన తండ్రులను, అత్తగార్లను నేను ప్రత్యేకంగా అడుగుతున్నాను: ఆ రెండు రాత్రులు ఏవో ఇంటికి వెళ్లేలోపే మీరు మాట్లాడుకోండి.

నిద్ర డైరీ కాగితాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, తెలుగులోనే ఉన్నాయి, ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను; ముందుగా తల్లులను అడగనిద్దాం.